కంచం కొలతతో కట్టిన ఓడ

మా ముందు గదిలో బీరువా మీద ఒక తెల్లని వస్తువు ఉన్నది. కొత్తగా వచ్చినవారు దానిని చూసి విమానమా అని అడుగుతారు. వాడపల్లెల నుండి వచ్చే ముసలివారు కొందరు సొరకాయ బుర్రలతో చేసిన బొమ్మ అనుకున్నారు. ఒక పెద్దాయన అయితే చాలాసేపు చూసి, "కొత్త రకం ఫ్యానా?" అన్నాడు. అది అంతరిక్ష నౌక. లోకంలో ఎన్నడూ ఎగరని నౌక. దానిని మేము ఇద్దరము, మా మనవడు కలిసి 2020లో కట్టాము. దాని సంగతి రాయమని మా సంఘంలో కొందరు అడిగారు గనుక రాస్తున్నాము. రాస్తున్న చెయ్యి ఒకరిదే గాని మాటలు ఇద్దరివి. మా మనవడు మమ్మల్ని తాతయ్య, అమ్మమ్మ అని పిలుస్తాడు. ఒకరిని విడిగా చెప్పవలసిన చోట వాడి పిలుపులనే వాడుకుంటాము.

మాది తెనాలికి దగ్గర పల్లె. తాతయ్యకు ముప్ఫై ఏళ్ళకు పైగా టవునులో రేడియో, టేప్ రికార్డరు బాగుచేసే దుకాణం ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పని సన్నగిల్లి, దుకాణం మూసివేయవలసి వచ్చింది. తరువాత 2019లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. నడక తిరిగి వచ్చింది గాని వేళ్ళలో పట్టు రాలేదు. టంకం వేసే చెయ్యి అన్నం కలుపుకోలేకపోతే ఆ మనిషి ఎలా ఉంటాడో చెప్పనక్కరలేదు. ఆ ఏడాదంతా వసారాలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. పలకరిస్తే ఊఁ, ఉహూఁ తప్ప మాట లేదు.

2020 మార్చి మూడో వారంలో మా అమ్మాయి కొడుకుని తెచ్చి మా దగ్గర దింపింది. ఆమె హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడు గల్ఫులో ఉన్నాడు. బడులు మూసివేశారు, ఆసుపత్రిలో సెలవులు రద్దు చేశారు, పిల్లవాడిని ఒంటరిగా ఇంట్లో వదలలేదు. "పదిహేను రోజులు ఉంచుకోండి నాన్నా" అని చెప్పి ఆ రాత్రి బస్సుకే వెళ్ళిపోయింది. మార్చి 25 నుండి లాక్‌డౌన్ వచ్చింది. పదిహేను రోజులు ఏడు నెలలయ్యాయి.

వాడికి అప్పుడు పన్నెండేళ్ళు. మొదటి వారం సరిగా తినలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ ఫోను చేస్తే సరే, చేయకపోతే మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏడిస్తే ఓదార్చవచ్చు గాని, వాడు ఏడ్చే రకం కాదు. నోటు పుస్తకం వెనుక పేజీలలో ఒకే బొమ్మ పదే పదే గీసేవాడు. ముందు ఒక పళ్ళెం, కింద ఒక పొట్ట, వెనుక పైకి లేచిన రెండు పొడవాటి గొట్టాలు.

తాతయ్య ఒకనాడు ఆ పుస్తకం తీసి చూసి, "ఇది ఎంటర్‌ప్రైజ్ కదరా" అన్నాడు. మేము విన్న మొదటి పూర్తి వాక్యం అది, చాలా నెలల తరువాత.

వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. తాతయ్యకు స్టార్ ట్రెక్ ఎలా తెలుసునని వాడికి ఆశ్చర్యం. 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం వేసేవారు. బాగుచేసిన టీవీలు పరీక్షించడానికని దుకాణంలో పెట్టుకుని తాతయ్య చూసేవాడు. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు గాని, ఆ ఓడ చీకటిలో దీపాలతో కదిలిపోతుంటే, ఎవరో కూర్చుని ఆ దీపాలకు వైరింగు చేసి ఉండాలి అనే ఆలోచన వచ్చేదట.

నిజంగానే ఎవరో చేశారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్‌బ్యాంక్ అనే ఊరిలో 1964లో ఆ నమూనా కట్టారు. మ్యాట్ జెఫ్రీస్ అనే ఆయన రూపం గీశారు. రిచర్డ్ డేటిన్ అనే ఆయన పర్యవేక్షణలో పనివారు కట్టారు. ముందు మూడడుగుల చిన్నది చేసి చూపించి, తరువాత పదకొండు అడుగులకు పైగా ఉండే పెద్దది చేశారు. పోప్లార్ అనే చెట్టు కర్ర, అచ్చుపోసిన ప్లాస్టిక్, చుట్టిన రేకు, ఇవే దాని సరుకులు. బరువు సుమారు 90 కిలోలు. మొదట అందులో దీపాలే లేవు. ధారావాహిక ఖాయమై 1966లో ప్రసారాలు మొదలయ్యేనాటికి దీపాలు అమర్చారు. వాటి వైర్లన్నీ ఎడమ పక్క నుండి లోపలికి తీసుకున్నారు. అందుచేత ఎడమ పక్కను కెమెరాకు చూపించకుండా, ఎప్పుడూ కుడి పక్క నుండే ఫొటో తీసేవారు.

ఇవన్నీ పిల్లవాడు ఫోనులో చదివి చెబుతుంటే తాతయ్య తన కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. వాడు ఉన్నట్టుండి, "తాతయ్యా, దానికి కూడా ఒక పక్కే పని చేసేది" అన్నాడు. అమ్మమ్మకు గుండె ఝల్లుమన్నది. తాతయ్య మాత్రం నవ్వాడు.

ఇంకొక సంగతి కూడా వాడే చదివాడు. ఆ రెండు గొట్టాల ముందు గుండ్రని మూతలలో ఎర్రగా సుడులు తిరిగే వెలుగు ఉంటుంది. దానికి లోపల పెట్టినవి క్రిస్మసు చెట్టుకు కట్టే రంగు బల్బులు, అద్దం ముక్కలు, మోటారుతో తిరిగే రెక్కలు. అది వినగానే తాతయ్య అటక వైపు చూశాడు. మా మందిరం క్రిస్మసు నక్షత్రం సామాను పెట్టె ప్రతి ఏటా మా ఇంట్లోనే ఉంటుంది, ఆ నక్షత్రం చేసేది తాతయ్యే గనుక. కిందటి డిసెంబరులో ఆయన చేయలేక బజారులో కొన్న కాగితపు నక్షత్రం కట్టారు. పాస్టరుగారికి ఫోను చేసి బల్బులు అడిగితే, "డిసెంబరుకు తిరిగి ఇస్తే చాలండి" అన్నారు.

దుకాణాలు లేవు. ఉన్నా నమూనా సామాను మా తెనాలిలో ఎవరమ్ముతారు? కాబట్టి ఇంట్లో ఉన్నదానితోనే కట్టాలి. ముందు కొలత కావాలి. కథలో ఆ ఓడ పొడవు 947 అడుగులు, ముందు పళ్ళెం అడ్డం 417 అడుగులు. మా ఇంట్లో స్టీలు కంచం అడ్డం 30 సెంటీమీటర్లు. కంచమే పళ్ళెం అనుకుంటే ఓడ పొడవు 68 సెంటీమీటర్లు వస్తుంది, గొట్టాలు ఒక్కొక్కటి 36 వస్తాయి. లెక్కలంటే ముఖం ముడుచుకునే పిల్లవాడు ఆ ఒక్క మధ్యాహ్నం పేజీ నిండా త్రైరాశికాలు వేశాడు. బడి మాస్టారు చూసి ఉంటే సంతోషించేవారు.

కంచాన్నే వాడదామంటే తాతయ్య ఒప్పుకోలేదు. స్టీలుకు వైరు తగిలితే షార్టు అవుతుంది, కిటికీలకు బెజ్జాలు వేయడం కష్టం, బరువు. అప్పుడు అమ్మమ్మ తన విద్య బయటికి తీసింది. మా తల్లుల కాలంలో పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, కుండ మీద మెత్తి బుట్టలు చేసేవారు. మెంతులు జిగురుగా పనిచేస్తాయి, చేదుకు పురుగు పట్టదు. మూడు రోజులు నానిన న్యూస్‌పేపర్లు రోట్లో రుబ్బి, కంచం బోర్లించి నూనె రాసి, రూపాయి బిళ్ళ మందాన మెత్తాము. మొదటి పళ్ళెం తొందరపడి ఏప్రిల్ ఎండలో పెడితే అంచులు అప్పడంలా లేచిపోయాయి. రెండవది నాలుగు రోజులు నీడన, తరువాత ఎండలో పెట్టాము. పై పళ్ళెం, కింది పళ్ళెం రెండూ అయ్యేసరికి పది రోజులు పట్టింది. ఇల్లంతా మెంతుల వాసన.

కింది పొట్టకు లీటరు నీళ్ళ సీసా, మూతి వెనక్కి ఉండేలా, పైన గుజ్జు మెత్తి. గొట్టాలకు బోరు పనిలో మిగిలిన ఒకటిన్నర అంగుళాల పి.వి.సి. పైపు. ముందు ఉండే రాగిరంగు గిన్నెకు పాత ప్రైమస్ స్టవ్వు బర్నరు కింది ఇత్తడి గిన్నె. గొట్టాలను పైకి మోసే కాళ్ళకు, మెడకు గోడలకు వైర్లు వేసే ప్లాస్టిక్ కేసింగు పట్టీ తీసుకున్నాము. లోపల బోలుగా ఉంటుంది గనుక వైర్లు వెళ్ళిపోతాయి. ఒంటి పట్టీ అయితే గొట్టాల బరువుకు కుంగింది. ఒక గొడుగు విరిచి దాని చువ్వలు లోపల దూర్చాము. అది అమ్మమ్మ గొడుగు. ఈ మాట ఇక్కడ రాయాలని ఆమె పట్టుబట్టింది.

ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు దేశమంతా లైట్లు ఆర్పి తొమ్మిది నిముషాలు దీపాలు పెట్టమన్నారు గదా. ఊరంతా చీకటి. అందరూ కొవ్వొత్తులు పట్టుకుని గుమ్మాల్లో నిలబడితే, మావాడు పింగ్‌పాంగ్ బంతిని రెండుగా కోసి, ఒక ముక్క వెనుక రెండు సీరియల్ బల్బులు పెట్టి వెలిగించాడు. బంతి చెక్క ఎర్రని పండులా వెలిగింది. సీరియల్ సెట్టును ఉన్నదున్నట్టు కరెంటుకు పెట్టనివ్వలేదు తాతయ్య. అందులో నలభై బల్బులు వరుసగా ఉంటాయి, 230 వోల్టులను అవి పంచుకుంటాయి, ఒక్కో బల్బు వంతు ఆరు వోల్టుల లోపు. కాబట్టి రెండింటిని వరుసగా కలిపి, పొలంలో మందు కొట్టే పంపు బ్యాటరీకి ఇచ్చాము. అది 12 వోల్టులు. పిల్లలున్న ఇంట్లో ఎవరైనా ఇలాంటిది చేయదలిస్తే మా మాట వినండి, బొమ్మలోకి గోడ కరెంటు తీసుకురావద్దు.

తొమ్మిది నిముషాలు అయ్యేలోపే బంతి గోధుమరంగుకు తిరిగి వాసన వచ్చింది. ఆ బల్బులు వేడెక్కుతాయి. కాగితం ఓడలో అవి పనికిరావు. చెడిపోయిన ఎమర్జెన్సీ లైటు విప్పి ఎల్.ఇ.డి.లు తీశాము. అమెరికాలో అసలు నమూనాకు కూడా అదే చేశారట. 1974లో దానిని వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ మ్యూజియముకు ఇచ్చారు. ఈ మధ్య దానిని బాగుచేసి, పాత బల్బుల స్థానంలో ఎల్.ఇ.డి.లు పెట్టి, 2016లో విమానాల మ్యూజియం ముందు హాలులో ఉంచారు. మనం చేసింది తప్పు కాదని పిల్లవాడు ధైర్యపడ్డాడు.

మూడు తెల్ల ఎల్.ఇ.డి.లు వరుసగా పెడితే తొమ్మిదిన్నర వోల్టులకు కాస్త పైన తీసుకుంటాయి, మిగిలినదానికి 150 ఓముల రెసిస్టరు. ఇలాంటి వరుసలు ఆరు. పళ్ళెం కుడి అంచున పచ్చ, ఎడమ అంచున ఎరుపు, సముద్రపు ఓడలకు విమానాలకు ఉన్నట్టే. అవి సెకనుకు ఒకసారి మిణుకుమనాలి. తాతయ్య పాత డబ్బాలో 555 అనే చిప్పు దొరికింది. 10 కిలో ఓములు, 68 కిలో ఓములు, 10 మైక్రోఫారడ్ల కండెన్సరు పెడితే సరిగ్గా దాదాపు సెకను వస్తుందని ఆయన కాగితం లేకుండానే చెప్పాడు. ఏడాదిగా తన చెప్పుల జత ఎక్కడుందో గుర్తు లేని మనిషి!

సుడి తిరిగే వెలుగు మాత్రం తిప్పలు పెట్టింది. టేప్ రికార్డరు మోటారుకు రెక్కలు కట్టి తిప్పితే ఓడ అంతా వణికింది, వెలుగు కూడా కలిసిపోయి తిరుగుతున్నట్టే కనబడలేదు. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి వదిలేశాము. చివరికి తాతయ్యకు తన పాత పని గుర్తు వచ్చింది. పెళ్ళి పందిళ్ళకు, మందిరాలకు పరుగెత్తే దీపాల బోర్డులు ఎన్ని చేశాడో లెక్క లేదు. 4017 అనే చిప్పుతో ఐదు దీపాలు గుండ్రంగా ఒకదాని తరువాత ఒకటి వెలిగితే కంటికి తిరుగుతున్నట్టే ఉంటుంది. మోటారు అక్కరలేదు.

జూన్‌లో అన్నీ జతచేసి చీకటి గదిలో వెలిగించాము. ఓడ కాదు, లాంతరు! కాగితంలో నుండి వెలుతురంతా బయటికి వచ్చి ఓడ మొత్తం ఎర్రగా మెరిసింది, కిటికీలు కనబడనే లేదు. ఇది నమూనాలు కట్టేవారందరికీ ఎదురయ్యే చిక్కేనట. మళ్ళీ విప్పి, లోపలంతా ముందు నల్లరంగు పూసి, దానిపైన వెండిరంగు పూశాము. నలుపు వెలుతురును ఆపుతుంది, వెండి లోపల తిప్పి తిప్పి కిటికీలకు పంపుతుంది. చిన్న కిటికీలకు ఎప్పుడో ఎగ్జిబిషనులో కొన్న పూలగుత్తి దీపం నుండి సన్నని ఫైబరు తీగలు కత్తిరించాము. దబ్బనంతో బెజ్జం, అందులో తీగ, చివర అగరుబత్తి నిప్పు దగ్గరగా చూపిస్తే తల కాస్త ఉబ్బి పూసలా అవుతుంది. అలాంటివి 58. జాకెట్లకు గుండీలు కుట్టిన అమ్మమ్మ వేళ్ళే ఆ పని చేశాయి.

జూలైలో ఫోను వచ్చింది. మా అమ్మాయికి కోవిడ్ సోకింది. తాను పనిచేసే చోటనే మంచం మీద ఉన్నది, ఆక్సిజన్ పెట్టారు, మాట్లాడవద్దన్నారు. తోటి నర్సు ఒకామె రోజుకు ఒక్క మెసేజి పంపేది. "స్థిరంగా ఉన్నది" అని. ఆ మాటను మేము ఎన్ని రకాలుగా చదువుకున్నామో.

పిల్లవాడికి చెప్పాలా వద్దా అని మాలో మాకు పెద్ద గొడవే జరిగింది. అమ్మమ్మ చెప్పవద్దన్నది, తాతయ్య చెప్పాలన్నాడు. మేము వంటింట్లో గుసగుసలాడుతుంటే వాడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆ సాయంత్రం తాతయ్య, వాడి దృష్టి మళ్ళిద్దామని కాబోలు, ఇన్నాళ్ళూ వాడి చేత, అమ్మమ్మ చేత వేయించిన టంకం తానే వేస్తానని కుడిచేత్తో టంకం కడ్డీ పట్టుకున్నాడు. వేళ్ళు జారాయి. కడ్డీ పళ్ళెం ఎడమ వైపున పడి, మేము చూస్తుండగానే అర్ధరూపాయంత బొక్క కాల్చింది. వైర్లు రెండు తెగాయి, ఎర్ర దీపం పోయింది.

వాడు కోపపడలేదు. "వదిలెయ్ తాతయ్యా. అమ్మకు చూపిద్దామని కదా. ఇంకెవరికి చూపిస్తాం" అన్నాడు.

ఆ మాటకు మా ఇద్దరికీ జవాబు లేదు. ప్రార్థన చేసుకున్నాము, పడుకున్నాము. నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున వసారాలో లైటు చూసి అమ్మమ్మ లేచి వెళితే, తాతయ్య కుర్చీలో ఓడను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఎడమచేత్తో టంకం కడ్డీ, పళ్ళ మధ్య టంకం తీగ. పిల్లవాడు ఎదురుగా కూర్చుని టార్చి పట్టుకున్నాడు. ఎవరు ఎవరిని లేపారో ఇప్పటికీ ఇద్దరూ చెప్పరు. బొక్కకు అమ్మమ్మ గుజ్జు మెత్తింది. అతుకు నున్నగా రాలేదు. వైర్లు బయటికి కనబడుతున్నాయి. విప్పి సరిచేద్దామంటే, "ఆ పక్క అంతే" అన్నాడు వాడు.

పదకొండు రోజులు అలా గడిచాయి. ఏ పనీ లేకపోతే ఏమయ్యేవారమో. రోజూ పొద్దున ఆ మెసేజి వచ్చేదాకా ఉప్పుకాగితంతో ఓడను రుద్దేవారము, అవసరం లేకపోయినా.

పన్నెండవ రోజు రాత్రి వీడియో కాల్ వచ్చింది. ఆక్సిజన్ తీసేశారు. ముఖం సగానికి సగం అయిపోయింది. సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో కరెంటు పోయింది. మావాడు "అమ్మా, ఆగు" అని ఫోను అమ్మమ్మకు ఇచ్చి స్విచ్చి వేశాడు. కరెంటు లేని చీకటిలో మందు పంపు బ్యాటరీ మీద ఓడ వెలిగింది. ముందు కిటికీలు, తరువాత గొట్టాల చివర ఎర్రని సుడులు, పచ్చ దీపం మిణుకు మిణుకుమంటూ. ఆమె ఏమీ అనలేదు. చాలాసేపు చూసింది. తరువాత గొంతు పెగుల్చుకుని, "రెండో పక్క కూడా చూపించు నాన్నా" అన్నది.

"ఆ పక్క చూపించరమ్మా," అన్నాడు వాడు. "అసలుదానికి కూడా చూపించలేదు."

ఆమె అక్టోబరులో వచ్చి వాడిని తీసుకువెళ్ళింది. వచ్చిన రోజునే బీరువా మీద నుండి ఓడను దించి, తిప్పి, ఎడమ పక్క చూసింది. అతుకు మీద వేలు పెట్టి, "ఇదెవరు?" అని అడిగితే, తాతయ్య ఎడమచెయ్యి ఎత్తాడు.

మందిరం బల్బులు రెండు పాడయ్యాయి గనుక డిసెంబరులో కొత్త సెట్టు కొని ఇచ్చాము. ఆ ఏటి నక్షత్రం తాతయ్యే చేశాడు, ఎడమచేత్తో. ఒక కొమ్మ కాస్త వంకర.

ఇప్పుడు 58 కిటికీలలో ఐదు వెలగడం లేదు. పిల్లవాడు డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాడు. ఆమధ్య వాడు మెసేజి పంపాడు. బర్‌బ్యాంకులో మొదట చేసిన ఆ మూడడుగుల చిన్న ఓడ 1970లలో ఎక్కడో పోయిందట. 2023లో ఒక ఆన్‌లైను వేలంలో బయటపడి, 2024లో ఆ ధారావాహిక సృష్టికర్త కొడుకు చేతికి చేరిందట. తాతయ్య చదివి, తిరిగి ఒకటే అడిగించాడు: దాని వైరింగు ఎలా ఉందో ఎవరైనా చూశారా అని. మొదట దీపాలే లేవు తాతయ్యా, అని జవాబు వచ్చింది.